గడ మీది గింజలు

నా చిన్నప్పుడు మా ఇంటి ముందు గొర్రెల ఉన్ని కత్తిరించే రోజు వస్తే నన్ను పట్టుకోవడం ఎవరి తరమూ అయ్యేది కాదు. మా తాతయ్య, ఆయన తమ్ముళ్లు ఒక్కో గొర్రెను ఒడిలోకి లాక్కుని కత్తెర ఆడిస్తుంటే పక్కన నల్లటి ఉన్ని కుప్ప మోకాళ్లెత్తు పెరిగేది. ఆ కుప్ప మీద నేను పల్టీలు కొట్టేదాన్ని. ముందుకు ఒకటి, వెనక్కు ఒకటి, చేతుల మీద నిలబడి పక్కకు ఇంకొకటి. ఒళ్లంతా గొర్రె వాసన, జుట్టు నిండా ఉన్ని. మా అమ్మ తిట్టేది. మా నాయనమ్మ మాత్రం కదురు తిప్పుతూ చూసి, మెడ జాగ్రత్త అని ఊరుకునేది. తాండూరుకూ బొంరాస్‌పేటకూ మధ్య ఉన్న ఆ పల్లెలో మాది గొర్రెల కాపరుల ఇల్లు. కొంత చెలక కూడా ఉండేది. వాన పడితే కందులు, జొన్నలు. పడకపోతే గొర్రెలే దిక్కు.

నాకు కోపం ఎక్కువని ఇప్పుడు మా ఇంట్లో అందరూ అంటారు. వికారాబాద్‌లో మా అబ్బాయి దగ్గర ఉంటున్నాను. అరవై దాటాయి, బీపీ మాత్రలు మింగుతున్నాను, అయినా కోపం తగ్గలేదు. మొన్న మా మనవరాలి ఇంగ్లీషు హోంవర్కు దగ్గర మళ్లీ లేచింది. ఆ సంగతి తరువాత చెప్తాను. ముందు ఈ కోపం నాకు ఎక్కడ అంటుకుందో చెప్పాలి.

ఆ ఏడు నేను ఏడో తరగతిలో ఉన్నాను. మా ఊళ్లో బడి ఐదుతోనే అయిపోయేది కాబట్టి రోడ్డు మీది పెద్ద ఊరికి నడిచి పోయేవాళ్లం. అక్కడి డ్రిల్లు సారు ఒకరోజు మైదానంలో నా పల్టీలు చూశారు. పంద్రాగస్టు నాడు వికారాబాద్‌లో చాలా బడుల పిల్లలతో ఆటల ప్రదర్శన ఉంటుందని, దానికి నన్ను తీసుకుపోతానని చెప్పారు. నేను అప్పటికి రైలు ఎక్కలేదు. తాండూరు స్టేషనులో ఆగిన రైలును బయటి నుంచి చూడడమే తప్ప లోపల ఎట్లా ఉంటుందో తెలియదు. రైలెక్కి పోయి, అంతమంది ముందు పల్టీ కొట్టి రావడం. ఆ ఊహతో నాకు అన్నం కూడా సహించలేదు.

అదే రోజుల్లో ఇంగ్లీషు సారు చెప్పే పాఠంలో సర్కసు కథ వచ్చింది. అందులో అక్రోబాట్ అనే మాట ఉంది. సారు లావాటి నిఘంటువు తెప్పించి, ఆ మాటకు అర్థాలు, దానికి సమానమైన మాటలు బోర్డు మీద రాశారు. జిమ్నాస్ట్ అన్నారు, టంబ్లర్ అన్నారు. నీళ్లు తాగే టంబ్లర్ కాదు, మొగ్గలు వేసే మనిషి అని కూడా వివరంగా చెప్పారు. వాటి కింద తెలుగు మాటలు రాశారు. పిల్లిమొగ్గలు వేసేవాడు, తాడు మీద నడిచేవాడు, అన్నిటికంటే చివర దొమ్మరివాడు. ఆ చివరి మాట చదువుతూ సారు నవ్వారు. నవ్వి నా వైపు చూశారు. ఆయన చూసిన వైపే క్లాసంతా చూసింది.

దొమ్మరి అన్నది ఒక కులం పేరు. ఊరూరా తిరిగి గడలెక్కి, తాళ్ల మీద నడిచి, మొగ్గలు వేసి పొట్ట పోసుకున్న మనుషుల పేరు. అందులో తప్పేమీ లేదు. కానీ ఆ పేరును మనవాళ్లు ఆడవాళ్ల మీద ఎట్లా విసురుతారో తెలుగు తెలిసినవాళ్లకు నేను విడమరిచి చెప్పనక్కర్లేదు. నరంలేని నాలుక ఎటైనా తిరుగుతుంది. ఆ సాయంత్రం బడి నుంచి ఇంటిదాకా నా వెనక అదే పిలుపు. పుస్తకంలో ఉన్నదే చెప్పాను కదా అని సారు తరువాత అన్నారట. నిజమే, మాట పుస్తకంలో ఉంది. ఆ నవ్వు ఏ పుస్తకంలో ఉంది? ఆయన బతికి ఉంటే ఈ ఒక్కటీ అడగాలని నాకు ఇప్పటికీ ఉంది.

నాకన్నా ముందే ఆ మాట మా ఇంటికి చేరింది. సొంత తండ్రి గురించి చెప్పడమంటే కడుపు చించుకుంటే కాళ్ల మీద పడ్డట్టే, అయినా చెప్తాను. మా నాన్న చెడ్డవాడు కాదు. తాగేవాడు కాదు, మా అమ్మ మీద చెయ్యెత్తేవాడు కాదు. ఊళ్లో పేరు పోతుందంటే మాత్రం ఆయనకు కళ్లు కనిపించేవి కావు. ఆ రోజు అరుగు మీద నలుగురు కూర్చుని ఉండగా నా రెక్క పట్టి లోపలికి లాగాడు.

"మా ఇంట్ల ఆడిపిల్లలు దొమ్మరాటలు ఆడరు. వికారాబాద్ లేదు గికారాబాద్ లేదు. మళ్ల ఎగిరినవంటె బడి బందు," అన్నాడు.

డ్రిల్లు సారు సైకిలు మీద ఇంటికి వచ్చి నచ్చజెప్పారు. అది వేరు ఇది వేరు అన్నారు. ఇది జిమ్నాస్టిక్స్ అని, గౌరవమైన విద్య అని, పెద్ద ఆఫీసర్ల ముందు చేసేదని, వీధుల్లో వేసే దొమ్మరాటతో దీన్ని కలపకూడదని చెప్పారు. ఆయన నా మంచికే వచ్చారు, కాదనను. కానీ నన్ను పైకి లేపడానికి ఇంకొకరిని కిందికి తొక్కారు. మూలన కదురు తిప్పుతున్న నాయనమ్మ చెయ్యి ఆపి సారు ముఖం వైపు చూసింది.  మా నాన్న ఒప్పుకోలేదు. సారు టీ కూడా తాగకుండా వెళ్లిపోయారు.

ఆ ఏడు మృగశిర ఎండతోనే పోయింది. ఆరుద్ర వచ్చినా మబ్బు జాడ లేదు. ఊరి పెద్దలు కూడి, దొమ్మరివాళ్లను పిలిపించి గడ నిలబెట్టించాలని అనుకున్నారు. వాన మొండికేస్తే మా వైపు అట్లా చేసేవాళ్లు. సేడం దిక్కు నుంచి ఏటా మా దారిన పోయే గడవాళ్ల గుంపు ఒకటి ఉండేది. కన్నడం కలిసిన తెలుగు మాట్లాడేవాళ్లు. కబురు పంపితే వచ్చి ఊరి బయట ఎండిన వాగు ఒడ్డున దిగారు. పిలిచింది ఊరే. అయినా వాళ్ల ఆడవాళ్లు నీళ్లకు వస్తే బావి గిలకను ముట్టనిచ్చేవాళ్లు కాదు. మా ఊరి ఆడవాళ్లే చేది, తాకకుండా పైనుంచి వాళ్ల కుండల్లో పోసేవాళ్లు. ఆకాశం నుంచి నీళ్లు దింపమని పిలిచిన మనుషులకు బావిలో నీళ్లు ముట్టుకునే దిక్కు లేదు. తలచుకుంటే ఇప్పుడు కూడా పళ్లు పటపటమంటాయి.

గడ ఎక్కే రోజు ఊరంతా చావడి ముందు చేరింది. ముందుగా గడ ఎక్కే ఆమె కూతురు నేల మీద మొగ్గలు వేసింది. ఇంచుమించు నా వయసే ఉంటుంది. ఆ పిల్ల వేసినవన్నీ నాకు వచ్చినవే. కాకపోతే నా కింద ఉన్ని ఉండేది, ఆ పిల్ల కింద కంకర నేల. ఒక్కసారి కూడా చెయ్యి తడబడలేదు. మగవాళ్లు గుంపులో నుంచి ఆ మాటే అంటూ, దానికి ఇంకో నాలుగు కలుపుతూ ఇకిలించారు. మా నాన్న కూడా నవ్వాడు. నేను చూశాను.

తరువాత గడ లేపారు. వెదురు గడ, నాలుగు దిక్కులా తాళ్లు, తాళ్ల దగ్గర వాళ్ల మగవాళ్లు. నడివయసు ఆమె, చీర కాసె పోసి కట్టి, గడకు మొక్కి ఎక్కింది. డోలు మోగుతూనే ఉంది. కొసకు చేరి, అక్కడ బిగించిన చెక్క మీద బోర్లా పడుకుని, చేతులు రెండూ చాపి గిర్రున తిరిగింది. మా అమ్మ కళ్లు మూసుకుంది. డోలు ఆగాక ఆమె పైనే లేచి కూర్చుని, నడుముకు కట్టుకున్న మూటలోంచి పసుపు కలిపిన గింజలు తీసింది. ఒక్కో దిక్కుకు తిరిగి, ఆ దిక్కున చేలున్నవాళ్లను రమ్మని పిలిచింది.

అప్పుడు చూడాలి మా ఊరి మగవాళ్లను. అంతకు ముందే ఇకిలించిన వాళ్లంతా తలరుమాళ్లు విప్పి, గడ కింద వంగి, రెండు చేతులా పరిచి నిలబడ్డారు. మా దిక్కు వంతు వచ్చింది. మా నాన్న పోయి రుమాలు పరిచాడు. పైనుంచి గింజలు రాలాయి. ఒక గింజ పక్కన మట్టిలో పడితే వేలితో ఏరి కళ్లకద్దుకున్నాడు. నా భుజం మీద నాయనమ్మ చెయ్యి ఉంది. ఆ వేళ్లు నా భుజంలో దిగబడ్డాయి.

ఆ గింజలను ఏం చేస్తారో తెలియనివాళ్లకు చెప్పాలి. విత్తే రోజు వాటిని విత్తనాల్లో కలుపుతారు. కలపడం ఇంటి పెద్ద ఆడమనిషి పని. ఆమె తన చేత్తో కలిపి, మొదటి పిడికెడు కొడుకు చేతిలో పెడితేనే విత్తనం వేసే గొర్రు చేనికి కదలాలి. కలపకుండా విత్తితే మొలక రాదని నమ్మకం. మా నాన్నకు ఆ నమ్మకం అందరికన్నా ఒక పాలు ఎక్కువే.

వాన పడింది. గడ వల్ల పడిందో, మబ్బుకే బుద్ధి పుట్టి పడిందో నాకు తెలియదు. మర్నాడు తెల్లవారేసరికి ఊరంతా ఎడ్ల గంటలు. మా నాన్న ఎడ్లను కట్టి, గొర్రు సిద్ధం చేసి, విత్తనం కలపమని నాయనమ్మను కేకేశాడు. ఆమె వాకిట్లో విత్తనాల గంప పక్కన కూర్చుని ఉంది. గడ గింజలు కొంగున ముడేసి ఉన్నాయి.

"నేను కలప," అంది.

ఒంట్లో బాగాలేదేమో అనుకున్నాడు మా నాన్న. మెల్లగా అడిగాడు. ఆమె గొంతు పెంచలేదు. నన్ను పిలిచి తన పక్కన కూర్చోబెట్టుకుంది.

"నీ బిడ్డకు పనికిరాని ఆట నీ చేనుకెట్ల పనికొస్తది కొడుకా?" అని అడిగింది.

 అది వేరు ఇది వేరు అన్నాడు మా నాన్న. సరిగ్గా డ్రిల్లు సారు అన్న మాటే. అది తాతల నాటి ఆచారమని, ఇది ఇంటి పరువని, రెండింటినీ ముడేయొద్దని అన్నాడు. నేల తడి ఆరి పదును పోతుందని బతిమాలాడు. పక్క చేనువాళ్లు అప్పుడే సాళ్లు తోలుతున్నారని కసిరాడు. నాయనమ్మ కొంగు ముడి మీద చెయ్యి పెట్టుకుని అన్నీ విన్నది.

"గడెక్కినామె బిడ్డ పల్టీ కొడితె తిట్టు. ఆమె ఇసిరిన గింజ మట్టిల పడితె కండ్లకద్దుకుంటివి. ఏరు దాటెదాంక ఓడ మల్లన్న, దాటినంక బోడ మల్లన్ననా? పిల్లను పోనియ్యి, గింజలు తీస్కో. లేకుంటె గవి లేకుండనె ఇత్తుకో పో."

మా నాన్నకు పౌరుషం వచ్చింది. గంప ఎత్తి బండిలో పడేసి, ఎడ్లను అదిలించి వెళ్లిపోయాడు. మా అమ్మ తల వంచుకుని వెనకాలే పోయింది. నేను ఏడ్చాను. రైలు పోయింది, బడి కూడా పోతుంది, ఇదంతా ఈ ముసలామె వల్లే అనిపించింది. నాయనమ్మ నన్ను ఊరడించలేదు. కదురు తీసుకుని ఉన్ని వడకడం మొదలుపెట్టింది. దారం మాత్రం మాటిమాటికీ తెగుతోంది.

చేనులో ఏం జరిగిందో మా అమ్మ తరువాత చెప్పింది. గొర్రు దించి, విత్తనం చేతిలోకి తీసుకుని మా నాన్న గట్టు మీదే నిలబడిపోయాడట. చుట్టూ అందరి గొర్రులు నడుస్తున్నాయి. ఎండ ఎక్కుతోంది, మన్ను పైపైన ఆరుతోంది. ఎడ్లు రెండూ తోకలు ఆడిస్తూ వెనక్కు తిరిగి చూస్తున్నాయి.  

చివరికి గంప తన తల మీదే పెట్టుకుని తిరిగి వచ్చాడు. నాయనమ్మ ముందు దించాడు. నా వైపు చూడలేదు.

"కలుపు. పోతె పోనీ పంద్రాగస్టుకు," అన్నాడు.

"బడి?" అని అడిగింది నాయనమ్మ. ముడి ఇంకా విప్పలేదు.

"బడికి గూడ," అన్నాడు.

అప్పుడు విప్పింది. గింజలను విత్తనాల్లో పోసి, కింది నుంచి పైకి రెండు చేతులా కలిపి, మొదటి పిడికెడు కొడుకు దోసిట్లో పెట్టింది. ఆయన వంగి తీసుకున్నాడు. గడ కింద వంగినట్టే.

రైలెక్కాను. వికారాబాద్ చూశాను. మైదానంలో మందంగా చాపలు పరిచారు, దూరంగా అనంతగిరి గుట్టలు పచ్చగా ఉన్నాయి. మైకులో నా పేరు చెప్పి, జిమ్నాస్టిక్స్ అన్నారు. నేను పల్టీ కొట్టాను, చప్పట్లు కొట్టారు, ఎవరో ఆఫీసరు నాకు సబ్బుపెట్టె బహుమతి ఇచ్చారు. తిరుగు రైల్లో ఆ పెట్టెను ఒళ్లో పెట్టుకుని కూర్చుంటే కంకర నేల మీద మొగ్గలేసిన పిల్ల గుర్తుకొచ్చింది. ఆ పల్టీ, ఈ పల్టీ ఒక్కటే. ఇంకా చెప్పాలంటే ఆ పిల్లదే బాగుంది. చాప మీద వేస్తే చప్పట్లు, మట్టిలో వేస్తే తిట్టు. ఆ పిల్ల బడి మెట్టు ఎక్కిందో లేదో నాకు తెలియదు. గుంపు ఎప్పుడో వెళ్లిపోయింది.

ఇంటికి రాగానే సబ్బుపెట్టె నాయనమ్మ చేతిలో పెట్టాను. మూత తీసి చూసి, లోపల సబ్బు ఇయ్యలేదా అని అడిగింది. నేను నవ్వాను. ఆమె నవ్వలేదు. నా జుట్టు వెనక్కి దువ్వుతూ, "నిన్నైతె ఇడిపిచ్చిన. గా మాటను ఇడిపియ్యలే. గది నీ పని," అంది. అప్పుడు నాకు సగమే అర్థమైంది. మిగతా సగం మరుసటి ఏడు మళ్లీ వాన రాక నిలబెట్టించిన గడ కింద అర్థమైంది. గుంపులో ఆ మాట వినపడితే మా నాన్న మళ్లీ నవ్వాడు. నన్ను పంపింది నా మీద ప్రేమతో కాదు, గడ ఎక్కిన ఆమె మీద గౌరవంతో అంతకన్నా కాదు, కందులు మొలవవన్న భయంతో. ఆ సంగతికి నేను ఆయన్ను పూర్తిగా క్షమించలేదు. ఆయన పోయినా క్షమించలేదు.

ఇక మొన్నటి సంగతి. మా మనవరాలికి బడిలో జిమ్నాస్టిక్స్ నేర్పుతున్నారు. ఇంగ్లీషు క్లాసులో అక్రోబాట్ మాటకు అర్థం, సమానపదాలు రాసుకురమ్మన్నారట. పిల్ల ఫోనులో వెతికింది. ఇంగ్లీషులో మర్యాదైన మాటలన్నీ వరసగా వచ్చాయి. తెలుగు నొక్కితే అదే మాట వచ్చింది. నిఘంటువు పోయి ఫోను వచ్చింది కానీ మాట మారలేదు. పిల్ల ఫోను నా ముందు పెట్టింది.

"నానమ్మా, ఇది తిట్టా? మా క్లాసుల ఒకడు నన్ను గిట్లనే పిలుస్తున్నడు," అంది.

నాకు ఒళ్లు మండిపోయింది. పక్కింటి ఆమె, పిల్లలన్నాక అనుకుంటారు లెండి అంది. మా అబ్బాయి, బీపీ పెరుగుతుందమ్మా అన్నాడు. మర్నాడే బడికి పోయి టీచరును కలిశాను. కుర్రవాడే, మోమిన్‌పేట్ వైపు వ్యవసాయం ఇంటివాడట. డిక్షనరీలో ఉందమ్మా, నేనేం చేయను అన్నాడు. అదే జవాబు, అక్షరం మారలేదు. గడ కథంతా చెప్పాను. ఆ మాట మీ ఊళ్లో ఎవరి పేరో, ఎవరి చేలకు గింజలు చల్లినవాళ్ల పేరో, దాన్ని తిట్టుగా వాడడం ఎందుకు తప్పో పిల్లలకు చెప్పమన్నాను. వాళ్ల తాత కూడా గడ కింద రుమాలు పరిచేవాడని ఇంట్లో విన్నాడట.  తప్పకుండా చెప్తానన్నాడు.

సాయంత్రం మనవరాలిని అడిగాను. టీచరు ఏమీ చెప్పలేదట. ఆ మాట ఎవరూ రాయొద్దని చెప్పి, అందరి చేతా కొట్టివేయించాడట. నేను కొట్టివేయమన్నది తిట్టును. ఆయన మనుషులను కొట్టివేయించాడు.

సోమవారం మళ్లీ పోతున్నాను. మా అబ్బాయి వద్దంటున్నాడు, ఆటో మాట్లాడనంటున్నాడు. నడిచి పోతాను. మా నాయనమ్మ విత్తనాల గంప పక్కన కూర్చున్నట్టు ఆ బడి వరండాలో కూర్చుంటాను. ఆమె కొంగున గింజలు ఉండేవి, నా దగ్గర అవి లేవు. కోపం ఉంది. ఆ పిల్లలకు ఆ మాట సరిగ్గా చెప్పేదాకా ముడి విప్పను.